తొమ్మిది మీటర్లు తక్కువైన మైదానం

వర్జీనియాలోని షాంటిలీలో ఏ బర్త్‌డే పార్టీకి వెళ్ళినా పేపర్ ప్లేటు చేతికి రాకముందే ఒక ప్రశ్న ఎదురవుతుంది: "మీది ఏ ప్రాజెక్టండీ?" నన్నూ అడిగేవారు. "గ్రౌండ్ నంబర్ త్రీ" అనేదాన్ని. సగం మంది అదేదో డిఫెన్స్ కాంట్రాక్టు అనుకుని గౌరవంగా తల ఊపి పక్కకు తప్పుకునేవారు. మిగతా సగానికి విడమరచి చెప్పాల్సి వచ్చేది. అమ్మా, నాది గడ్డి ప్రాజెక్టు. కౌంటీ పార్కుల శాఖ, ఆటమైదానాల విభాగం. ఏ మైదానం ఏ రోజు ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ గడ్డి కొట్టాలి, ఎక్కడ గీతలు గీయాలి, వాన పడితే ఏ గేటుకి తాళం వేయాలి. జీతమంతా దానికే తీసుకున్నాను, రిటైర్ కూడా అక్కడే అయ్యాను.

ఇప్పుడు మాస్టర్స్ చదువుతూ మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు పైకొచ్చి, పెరుగన్నం తింటూ, "ఆంటీ, మీ కెరీర్‌లో బిగ్గెస్ట్ చాలెంజ్ ఏంటి?" అని అడుగుతారు. పాపం, వాళ్ళకి ఇంటర్వ్యూ ప్రాక్టీసు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో సర్వర్లేవీ కూలిపోవు. రెండు గోల్ స్తంభాలు మాత్రం తప్పు చోట కాంక్రీటు పోసుకుని దర్జాగా నిలబడతాయి.

రగ్బీలో రెండు రకాలున్నాయని నాకు ఉద్యోగం చివరి రోజుల్లో గానీ తెలియలేదు. మా కౌంటీలో ఆడేదంతా ఒక రకం, రగ్బీ యూనియన్. రెండోది రగ్బీ లీగ్. ఇందులో ఒక్కో జట్టుకి పదమూడు మంది. ఆరుసార్లు పట్టుబడేలోగా గీత దాటి బంతిని నేలకి ఆనించాలి, లేకపోతే బంతి అవతలివాళ్ళది. మైదానం నిండా అడ్డగీతలు, పదేసి మీటర్లకి ఒకటి. చూడటానికి అచ్చం అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలాగే ఉంటుంది. మా కొంప ముంచింది ఆ పోలికే.

ఆ ఏడాది రగ్బీ లీగ్ ప్రపంచ పోటీలకి తొలి మెట్టుగా మా ప్రాంతపు దేశాల మధ్య ఆడవాళ్ళ మ్యాచులు పెట్టారు. అమెరికా అమ్మాయిలకీ పక్క దేశం అమ్మాయిలకీ ఒక శనివారం పొద్దున మ్యాచ్. మా కౌంటీలో ఉన్న ఒకే ఒక్క రగ్బీ మైదానంలో అప్పుడే డ్రైనేజీ పైపుల కోసం తవ్వి పెట్టారు. దాంతో నేను గ్రౌండ్ నంబర్ త్రీ ఇచ్చాను. మంచి గడ్డి, నీళ్ళు నిలవవు. ఒక పక్క పార్కింగ్ లాటు, రెండో పక్క క్రికెట్ మైదానం. అంతర్జాతీయ మ్యాచ్ మా గడ్డి మీద జరుగుతుందంటే ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కజిన్లందరికీ వాట్సాప్‌లో ఫొటోలు పంపాను. ఒక్కరు కూడా రగ్బీ అంటే ఏమిటని అడగలేదు. "పచ్చగా బాగుంది వదినా" అన్నారు.

మైదానం తయారు చేసింది మా ఫోర్‌మన్. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన మనిషి. కౌంటీలో ఉన్న ప్రతి గీతా అతని చేతి గీతే. అతని దగ్గర ఒక తాడు ఉంది. పది గజాలకొక ఎర్రగుడ్డ ముక్క కట్టి, మొత్తం వంద గజాల తాడు. ఫుట్‌బాల్ మైదానం గీయాలంటే రెండు మేకులు దిగ్గొట్టి తాడు లాగితే చాలు, టేపుతో పనే లేదు. ఆ తాడుని ట్రక్కులో ప్రత్యేకంగా ఒక డబ్బాలో పెట్టుకునేవాడు. మేమెవరం ముట్టుకున్నా ఊరుకునేవాడు కాదు. ముడి పడితే ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగేవాడు.

టోర్నమెంట్‌వాళ్ళు పంపిన బొమ్మ చూశాడు. వంద పొడవు, పదికో గీత. "ఓ, ఇదా!" అన్నాడు. డబ్బా తెరిచాడు. తాడు లాగాడు. ఎర్రగుడ్డ కనిపించిన చోటల్లా గీత గీశాడు. తాడు రెండు కొసల దగ్గరా గోల్ స్తంభాలకి గుంటలు తీసి, ఇనప గొట్టాలు దింపి, కాంక్రీటు పోశాడు. నేను వెళ్ళి చూసి ముచ్చటపడ్డాను. ఏ ఒక్కరికీ అనుమానం రాలేదు. వంద అంటే వందే కదా!

శుక్రవారం పొద్దున్న మ్యాచ్ కమిషనర్ తనిఖీకి వచ్చాడు. ఇంగ్లండ్ ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దాయన. మోకాళ్ళ నొప్పులు, నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటు. మన దగ్గర దొరికే టీ మీద అప్పటికే ఆయనకి చాలా ఫిర్యాదులున్నాయి. పెట్టెలోంచి మడత పెట్టిన కొలతల చక్రం ఒకటి తీసి, విప్పి, టక్ టక్‌మని చప్పుడు చేసుకుంటూ ఈ గోలు నుంచి ఆ గోలుకి నడిచాడు. అక్కడ నిలబడి చక్రం వంక చూశాడు. మళ్ళీ ఆ గోలు నుంచి ఈ గోలుకి నడిచాడు. నేనూ ఫోర్‌మనూ పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు నవ్వు మొహాలతో ఎదురుచూస్తున్నాం.

"నా జన్మలో ఇంత చక్కటి మైదానం చూడలేదు" అన్నాడు ఆయన. "ఇంకాస్త ఉంటే ఇంకా బాగుండేది."

"అంటే?" అన్నాను.

"తొంభై ఒకటిన్నర మీటర్లుంది. నాకు వంద కావాలి."

ఫోర్‌మన్ నా వంక చూశాడు. నేను అతని వంక చూశాను. అతను మెల్లగా ట్రక్కు వైపు తిరిగి, ఆ తాడు డబ్బా వంక చూశాడు. ఆ క్షణాన అతని మొహం చూసి తీరాలి. అంత పెద్ద మనిషీ బిక్కచచ్చిపోయాడు.

"గజాలు" అన్నాడు.

గజాలే. నన్నడిగితే గజాన్ని ఏమనడానికీ నాకు నోరు రాదు. మీటర్లలో లెక్కలు చేసి పాసైనదాన్నే గానీ, నేను కట్టిన చీరలన్నీ గజాల్లోనే కొన్నాను, క్రికెట్ పిచ్ కూడా ఇరవై రెండు గజాలే. ప్రపంచమంతా మీటర్లకి మారిపోయాక కూడా గజాన్ని వదలని మనుషులం ఆ మైదానంలో ఇద్దరం ఒక్కచోట తగులుకున్నాం.

"ఎలాగో ఒకలా ఆడించెయ్యలేరా?" అని అడిగాను. సిగ్గు పడకుండా అడిగాను, మీరూ అడిగేవారే.

"ఆడించొచ్చు. ఫ్రెండ్లీ మ్యాచ్ అని రాసుకుంటాను" అన్నాడు పెద్దాయన. "టోర్నమెంట్ లెక్కలోకి మాత్రం రాదు. రేపు పొద్దున్న తొమ్మిదికి మళ్ళీ కొలుస్తాను." అని వెళ్ళి తన అద్దె కారులో కూర్చుని పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

ఒక వైపు పార్కింగ్ లాటు. అటు అంగుళం జరగడానికి లేదు. జరిగితే క్రికెట్ మైదానం వైపే జరగాలి. గోల్ గీత తొమ్మిది మీటర్లు అటు పోతే, దాని వెనక బంతి ఆనించే జాగా మొత్తం క్రికెట్ బౌండరీ తాడు లోపలికి వెళ్తుంది. ఆ శనివారం పొద్దున్నే, అదే టైముకి, ఆ క్రికెట్ మైదానంలో మన తెలుగు క్రికెట్ లీగ్ ఫైనల్. పర్మిట్ మీద సంతకం నాదే.

సరిగ్గా అప్పుడే అమెరికా జట్టు ప్రాక్టీసుకి దిగింది. అందులో మన పిల్ల ఒకతె ఉంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆస్పత్రిలో నర్సు. చిన్నప్పుడు మా ఇంట్లో బొమ్మల కొలువుకి వచ్చి, బొమ్మల్ని వదిలేసి మా మెట్ల మీంచి దూకుతూ ఉండేది. నా మొహం చూడగానే పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ఫీల్డ్ షార్ట్ ఆ? లైక్, ఎంత షార్ట్?"

చెప్పాను. ఆ పిల్ల చప్పున గడ్డిలో కూలబడింది.

"సో, నంబర్ రాదు" అంది.

ఏం నంబరే అంటే చెప్పింది. ఈ ఆటలో ఒక ఆచారం ఉందట. దేశం తరఫున మొదటి అసలైన మ్యాచ్ ఆడిన ప్రతి మనిషికీ ఒక వరస సంఖ్య ఇస్తారు. మొట్టమొదట ఆడినవాళ్ళ నుంచి నేటి దాకా ఒకటే వరస. ఆ సంఖ్య చచ్చేదాకా నీదే, నువ్వు పోయాక కూడా ఇంకొకరికి ఇవ్వరు. జెర్సీ కాలరు లోపల కుట్టిస్తారు. ఫ్రెండ్లీ ఆడితే ఇవ్వరు. ఈ పిల్లకి ఒకసారి మోకాలు దెబ్బతిని ఆ అవకాశం పోయింది. ఇంకోసారి మ్యాచే రద్దయి పోయింది. ఇప్పుడు డాక్టర్ ఈ సీజన్‌తో ఆపెయ్యమన్నాడట.

"ఇది లాస్ట్ ఆంటీ. నెక్స్ట్ టైమ్ అని లేదు నాకు."

"మీ నాన్నకి ఫోన్ చేస్తాను ఉండు" అన్నాను. ఎందుకంటే ఆ క్రికెట్ లీగ్ సెక్రటరీ మరెవరో కాదు, ఈ పిల్ల తండ్రి.

"నో నో ఆంటీ! డాడీకి నా గురించి చెప్పకు. నంబర్ గురించి కూడా ఆయనకి తెలీదు. టూ టైమ్స్ రాలేదు కదా, అందుకే చెప్పలేదు. నేను అడిగితే ఎస్ అంటాడు. బట్ ఫైనల్ కోసం హోల్ ఇయర్ వెయిట్ చేసాడు. తర్వాత లైఫ్ లాంగ్ సాడ్ ఉంటాడు."

ఒట్టు కూడా వేయించుకుంది. అమెరికాలో పుట్టినా ఆ ఒట్టు వేయించుకోవడం మాత్రం ఎక్కడ నేర్చుకుందో.

ఆ తండ్రి గురించి ఒక ముక్క చెప్పాలి. వరంగల్ వైపు మనిషి. వారమంతా బ్యాంకు సాఫ్ట్‌వేరు, శని ఆదివారాలు ఓపెనింగ్ బ్యాట్స్‌మన్. యాభై దాటినా ప్యాడ్లు కట్టుకుంటే పెళ్ళికొడుకులా నడుస్తాడు. భారత ఆటగాళ్ళ లెక్కలన్నీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కూతురు రగ్బీ ఆడుతుందని తెలుసు. "పక్క గ్రౌండే గదా, మేం ఫీల్డింగ్ జేసేటప్పుడు బౌండరీ కాడ నిలబడి చూస్త" అని ఏర్పాటు కూడా చేసుకున్నాడు. నన్ను అక్కా అంటాడు. అక్క అన్నంత మాత్రాన అణకువ ఉందని మీరనుకోవద్దు.

ఫోన్ చేసి, పిల్ల ఊసెత్తకుండా, ఆఫీసు గొంతుతో విషయం చెప్పాను. ఫైనల్ ఆదివారానికి మార్చుకోండి, వేరే మంచి మైదానం ఇస్తాను అన్నాను.

"అక్కా, పర్మిట్ ఉన్నదా లేదా?"

"ఉంది."

"ఎవరు జెప్పిన్రు, పర్మిట్ అంటే పర్మిట్ అని?"

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"నువ్వే గదా జెప్పినవ్! సెమీఫైనల్ నాడు వాన పడితే ఎంత బతిమిలాడినం? ఒక్క గంట అడిగితిమి. ఇన్నవా? గేటుకు తాళమేసి నవ్వుకుంట పోయినవ్. ఇప్పుడు మా ఫైనల్ దీసి పక్కన వెట్టుమంటవా? మేరీలాండ్ టీమ్ ఒస్తున్నది. బిర్యానీ ట్రేలు చెప్పినం. కుదరదక్కా. నేను ఓపెనింగ్ పోతున్న."

నేను నవ్వుకుంటూ పోలేదు, అది మాత్రం అబద్ధం. తక్కినదంతా నిజం. రెండు వారాల ముందు నోటీసు లేనిదే ఎవరి పర్మిటూ కదపకూడదని ఆఫీసులో రూలు. ఆ రూలు పట్టుకుని నేను సాకర్ తల్లుల్నీ బేస్‌బాల్ తండ్రుల్నీ ముక్కుపిండి నడిపించినదాన్ని. పోనీ పైవాళ్ళని అడుగుదామంటే మా బాస్ సముద్రంలో క్రూయిజ్ మీద ఉంది. ఫోన్ తీయదు.

ఫోర్‌మన్ వచ్చి, "తవ్వమంటారా వద్దా? మధ్యాహ్నంలోగా కాంక్రీటు పడకపోతే రేపటికి స్తంభం నిలబడదు" అన్నాడు.

పర్మిషన్ లేదు. గుంట తవ్వితే క్రికెట్ అవుట్‌ఫీల్డ్ పాడవుతుంది, రేపు వాళ్ళూ ఆడలేరు. తవ్వకపోతే ఆ పిల్ల గడ్డిలో అలాగే కూర్చుని ఉంటుంది. పిల్లలూ, మీ మేనేజ్‌మెంట్ క్లాసుల్లో ఇలాంటివాటికి ఏదో పేరుంటుంది. నాకైతే చెమటలు పట్టాయి.

"బౌండరీ తాడు వరకూ పచ్చరంగు కొట్టి పాత గీతలు చెరిపెయ్. మీటర్ల టేపుతో కొత్త గీతలు గీయడం మొదలుపెట్టు. గుంట తవ్వే చోట గుర్తులు పెట్టు, తవ్వకు" అన్నాను. అదొక ధైర్యమా పాడా! కాస్త టైము కొనుక్కున్నానంతే.

పావుగంట కూడా కాలేదు, ఒక కారు పార్కింగ్ లాట్‌లోకి దూసుకొచ్చింది. సెక్రటరీగారు. ఆఫీసు బ్యాడ్జీ మెడలో వేలాడుతుండగానే పచ్చిక మీద పరుగు. క్రికెట్ మైదానంలో మావాళ్ళు పెట్టిన నారింజ రంగు గుర్తులు చూశాడు, ఇంక ఆగుతాడా?

"అక్కా! గిదేందక్కా! నా అవుట్‌ఫీల్డ్‌ల గిదేంది? డీప్ మిడ్‌వికెట్ గిది!"

"తవ్వలేదయ్యా, గుర్తులే."

"గుర్తులెందుకు పెట్టాలె? రేపు మ్యాచ్ వెట్టుకొని!"

ఆ అరుపులకి కారులో కూర్చున్న పెద్దాయన దిగి వచ్చాడు. దూరంగా ఉన్న పిల్ల, తండ్రిని చూసి, మిగతా జట్టు వెనక దాక్కుంది. సెక్రటరీ వెళ్ళి పెద్దాయన మీద పడ్డాడు. ఆ సంభాషణంతా ఇంగ్లీషులోనే జరిగింది. సారాంశం చెబుతాను.

"ఆ తొమ్మిది మీటర్లు లేకపోతే ఏం కొంప మునుగుతుంది? మ్యాచ్ ఆడుకోవచ్చుగా?" అన్నాడు మా సెక్రటరీ.

"శుభ్రంగా ఆడుకోవచ్చు" అన్నాడు పెద్దాయన. "పరిగెత్తుతారు, దెబ్బలు తగిలించుకుంటారు, స్నానం చేసి ఇళ్ళకి వెళ్తారు. చరిత్రలో ఉండదు, అంతే. కొత్తగా ఆడేవాళ్ళకి నంబర్లు రావు."

"ఏం నంబర్లు?"

"వాళ్ళ నంబర్లు. మీరు ఇండియన్ కదా, క్రికెట్ తెలిసే ఉంటుంది. టెస్ట్ ఆడే ప్రతివాడికీ క్యాప్ మీద ఒక వరస సంఖ్య ఇస్తారు చూడండి. అదే పద్ధతి. ఒకసారి ఇచ్చాక ఆ సంఖ్య ప్రపంచంలో ఇంకెవ్వరికీ ఇవ్వరు."

ఎంతసేపు బతిమిలాడినా సెక్రటరీకి ఎక్కని విషయం ఆ ఒక్క మాటతో ఎక్కింది. నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి తెలుగులో అడిగాడు.

"అక్కా, క్యాప్ నంబరా? టెస్ట్ క్యాప్ లెక్కనా?"

"అవునయ్యా."

"మా బిడ్డకా?"

ఒట్టు గుర్తొచ్చింది. నేను నోరు మెదపలేదు. తల మాత్రం దానంతట అదే ఊగింది.

ఆయన అటు తిరిగి కూతురి కోసం వెతికాడు. జట్టు వెనక నక్కిన పిల్ల చెయ్యి కొద్దిగా ఊపింది. ఈయన వెళ్ళి ఆమెతో ఏమీ మాట్లాడలేదు. బౌండరీ తాడు దగ్గరకి నడిచి, వంగి, తన చేత్తో తాడు ఎత్తి, వెనక్కి లాక్కుంటూ పోయాడు. మావాళ్ళు పెట్టిన గుర్తుల అవతలికి, ఇంకా అవతలికి లాగి పడేశాడు. తిరిగొచ్చి నా మీద విరుచుకుపడ్డాడు.

"గీ ముచ్చట ముందుగాల జెప్పొద్దా అక్కా? పర్మిట్ పర్మిట్ అని నాతోని లొల్లి వెట్టుకుంటివి!"

లొల్లి పెట్టింది ఎవరో మీరే చెప్పండి. "తవ్వండి" అని ఫోర్‌మన్ వైపు ఒక్క కేక వేశాను.

ఆ మధ్యాహ్నమంతా సెక్రటరీ చెవికి ఫోను అంటుకుపోయింది. మేరీలాండ్ కెప్టెన్‌కి, అంపైర్లకి, బిర్యానీవాళ్ళకి. ఫైనల్ ఆదివారానికి మారింది. బిర్యానీ మారలేదు. అన్ని ట్రేలు రద్దు చేయడం కుదరదన్నారట. "ఏం గాదు, గవి ఈడికే తెప్పిస్త. రగ్బీ పిల్లలు తినరా ఏంది?" అన్నాడు. ఆఫీసుకి వెళ్ళలేదు. షర్టు చేతులు మడిచి, ఆ వైపు పాత స్తంభాలు పీకడానికి ఓ చెయ్యి వేసి, మా ఫోర్‌మన్ పక్కన నిలబడి కాంక్రీటు బస్తాలు అందించాడు. సలహాలు కూడా అందించాడు, అవి ఎవరూ తీసుకోలేదు.

కాంక్రీటు గట్టిపడుతుండగా మడత కుర్చీల్లో కూర్చున్నాం. నా ఫ్లాస్కులోంచి అల్లం టీ పోసి ఇచ్చాను. పెద్దాయన ఒక గుక్క తాగి, అమెరికాలో దిగాక మొదటిసారి టీ తాగానన్నాడు. దాంతో నోరు విప్పాడు. మూడు గుక్కల్లో ఆ టోర్నమెంట్ చరిత్రంతా చెప్పేశాడు.

యాభైలలో ఫ్రాన్స్‌లో నాలుగంటే నాలుగు దేశాలతో మొదలైందట. ఆ తర్వాత దానికొక పద్ధతీ పాడూ లేదు. ఒకసారి మూడేళ్ళకి, ఒకసారి రెండేళ్ళకి, ఒకసారి ఎనిమిదేళ్ళకి. ఒకసారి ఫైనలే పెట్టలేదు. ఎక్కువ పాయింట్లున్నవాళ్ళకి కప్పు చేతికిచ్చి పంపేశారు. ఇంకోసారి ఒకే టోర్నమెంటు ఏళ్ళ తరబడి సాగింది. ఆడవాళ్ళకి పోటీలు పెట్టడానికి ఇంచుమించు యాభై ఏళ్ళు పట్టింది. ఒకసారి అమెరికాలో జరుపుతామన్నారు, జరగలేదు. ఫ్రాన్స్‌కి ఇచ్చారు, వాళ్ళూ మావల్ల కాదన్నారు.

"అచ్చం మా తెలుగు సంఘం లాగనే ఉన్నది" అన్నాడు సెక్రటరీ. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పలేదు. ఇక్కడి సంఘాల సంగతి మీకు తెలుసుగా.

"ఇన్ని తిప్పలు పడి ఎందుకు నడుపుతున్నారు మరి?" అని నేనడిగాను.

పెద్దాయన భుజాలు ఎగరేశాడు. "ఎవరో ఒకరు ఎక్కడో ఒక మైదానం గీస్తూనే ఉంటారు" అన్నాడు. మా ఫోర్‌మన్‌కి ఆ మాట నచ్చింది. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు.

శనివారం పొద్దున్న చెప్పిన వేళకే ఆయన చక్రం విప్పాడు. టక్ టక్‌మని నడుస్తుంటే వెనకాలే నేను, ఫోర్‌మన్, సెక్రటరీ, ఆయన వెనక బ్యాట్లు లేని పదకొండు మంది క్రికెటర్లు. ఇంత ఊరేగింపు నేను మా ఊరి ఉత్సవాల్లో కూడా చూడలేదు. కొత్త స్తంభాల దగ్గర ఆగి చక్రం మీదికి వంగాడు.

"వంద. ఇంకో బెత్తెడు ఎక్కువ" అన్నాడు. "ఆ బెత్తెడు నా తరఫున ఉంచుకోండి."

మ్యాచ్ గురించి ఎక్కువ చెప్పను. మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. పక్క దేశం అమ్మాయిలు గోడల్లా ఉన్నారు. ఒక్కొక్కతె మనవాళ్ళని చాపలా చుట్టి పక్కన పెట్టింది. క్రికెటర్లంతా అవుట్‌ఫీల్డులో వరసగా నిలబడి, రూల్స్ ఒక్క ముక్క తెలియకపోయినా గొంతులు చించుకుని అరిచారు. "ఎల్‌బీడబ్ల్యూ!" అని కూడా ఎవరో అరిచారు. సెక్రటరీ మాత్రం అరవలేదు. చేతులు కట్టుకుని, పళ్ళు బిగించి, కూతురు కిందపడ్డప్పుడల్లా తన మోకాలు పట్టుకునేవాడు.

ఇంక అయిపోతుందనగా మనవాళ్ళకి బంతి దొరికింది. చేతులు మారి మారి చివర కుడి పక్కనున్న మా పిల్ల దగ్గరికి వచ్చింది. ముందు ఒక్క మనిషే అడ్డం. ఆ మోకాలితో ఎలా తప్పించుకుందో నాకు అర్థం కాలేదు. గీత దాటింది, పడింది, పడుతూ బంతిని నేలకి ఆనించింది. ఎక్కడ? డీప్ మిడ్‌వికెట్‌లో. నిన్నటిదాకా బౌండరీ తాడు లోపల ఉన్న చోట. పాత కొలతలే ఉంటే ఆ పిల్ల ఎప్పుడో మైదానం దాటి అవతల పడి ఉండేది.

సెక్రటరీ రెండు చేతులూ ఆకాశానికి ఎత్తేశాడు. అంపైర్ సిక్స్ ఇచ్చినట్టు. ఎత్తినవాడు దించడే! కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, చేతులు ఖాళీ లేక తుడుచుకోవడం లేదు. నేనే కొంగు పెట్టి తుడిచాను. నా కళ్ళు నేను తర్వాత తుడుచుకున్నాను.

బిర్యానీ రెండు జట్లూ తిన్నాయి. పక్క దేశం గోల్ కీపర్ లాంటి అమ్మాయి ఒకతె, అసలు ఆ ఆటలో గోల్ కీపర్ ఉండదని తర్వాత తెలిసింది, మూడు ప్లేట్లు తిని నాలుగోది ఇంటికి పట్టుకెళ్ళింది. జట్టు కెప్టెన్ కొత్తవాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, కాలరు లోపల నంబరు కుట్టిన జెర్సీ చేతికిచ్చింది. మా పిల్ల నా దగ్గరకి వచ్చి కాలరు మడిచి చూపించింది. "ఆంటీ, యూ ప్రామిస్డ్ కదా చెప్పనని" అంది. "నేను ఒక్క మాట కూడా చెప్పలేదే తల్లీ" అన్నాను. నిజంగానే చెప్పలేదు.

బాస్ క్రూయిజ్ నుంచి తిరిగొచ్చాక నన్ను గదిలోకి పిలిచి, నోటీసు లేకుండా పర్మిట్ ఎలా మార్చావని అడిగింది. వాళ్ళే తాడు తీసుకెళ్ళి అవతల పడేశారని చెప్పాను. నా మొహం కాసేపు చూసి, సరే ఫో అంది. ఫోర్‌మన్ కొత్త తాడు ఒకటి కట్టుకున్నాడు, మీటర్లది, నీలం గుడ్డ ముక్కలతో. రెండు తాళ్ళనీ ఒకే డబ్బాలో పెట్టడు. కలిస్తే మళ్ళీ పులుసులో పడతామంటాడు. ఆదివారం ఫైనల్‌లో మన సెక్రటరీ మొదటి బంతికే డకౌట్. దానికి కూడా నన్నే అన్నాడు, నేనిచ్చిన కొత్త మైదానం పిచ్ బాగా లేదని.

నేను రిటైరయ్యే ముందు వచ్చిన ఆఖరి క్రికెట్ సీజన్‌లో, ఒక శనివారం గేటు తాళాలు చూడటానికి గ్రౌండ్ నంబర్ త్రీ వైపు వెళ్ళాను. సెక్రటరీ ఓపెనింగ్‌కి నడుస్తున్నాడు, అదే పెళ్ళికొడుకు నడక. ఆయన వీపు మీద ఇన్నేళ్ళూ తన అభిమాన ఆటగాడి నంబరు ఉండేది. అది పోయింది. కొత్త జెర్సీ మీద కూతురి నంబరు, ఎంత పెద్దగా కుట్టించాడంటే పార్కింగ్ లాట్‌లోంచి చదవొచ్చు.

ఆ నంబరు ప్రపంచంలో ఇంకెవ్వరికీ ఇవ్వరని ఆ ఇంగ్లీషు పెద్దాయన గట్టిగా చెప్పాడు. మా తెలుగు క్రికెట్ లీగ్ సంగతి పాపం ఆయనకేం తెలుసు.